పెడల్ కయాక్, నా నడుం: రెండేళ్లు తొక్కాక

ముందు నా నడుం సంగతి చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. నడుం దగ్గర ఎల్4, ఎల్5 వెన్నుపూసల మధ్య డిస్కు ఉబ్బి ఎడమ కాలికి పోయే నరాన్ని నొక్కుతోందని ఎమ్మారైలో తేలింది. శ్రీకాకుళం నుంచి గార మండలంలోని బడికి పన్నెండేళ్లు బైకు మీద తిరిగిన ఫలితమని నా అనుమానం, డాక్టరుగారు మాత్రం అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. ఆపరేషను అక్కర్లేదు, నడవండి, బరువులెత్తకండి, ఒకేచోట గంటలు గంటలు కూర్చోకండి అన్నారు. నేనేమో పెడల్ కయాక్ అని, కూర్చుని కాళ్లతో తొక్కే సన్న పడవ కొన్నాను. 2022 డిసెంబరులో, విశాఖలో ఒకాయన వాడిందే తీసుకున్నా. పదిన్నర అడుగుల పొడవు, ప్రొపెల్లర్ రకం, సైకిల్లాగే గుండ్రంగా తొక్కాలి. కంపెనీ పేరు రాయను, కింద కొంచెం తిట్టేది ఉంది.

తెడ్డు వేసే మామూలు కయాక్ అంతకుముందు ఒకసారి అద్దెకు తీసుకుని చూశాను. చాప మీద కూర్చున్నట్టు కాళ్లు బారజాపుకుని కూర్చోవాలి, అలా జాపితే తొడల వెనక కండరాలు బిగుసుకుని తుంటిని వెనక్కి లాగేస్తాయి, నడుం దగ్గరుండే వంపు కాస్తా పోయి వీపు గూనిగా అయిపోతుంది, పైగా వేసిన ప్రతి తెడ్డుకీ నడుం మెలి తిరుగుతుంది. ఇరవై నిమిషాలకే ఎడమ పిక్కలో కరెంటు కొట్టింది. పెడల్ దాన్లో సీటు అల్యూమినియం ఫ్రేము మీద కుర్చీలా ఎత్తుగా ఉంటుంది, చుక్కాని తిప్పే పిడి తప్ప చేతులకి పనేం లేదు. కూర్చోగానే ప్రాణం లేచొచ్చింది.

అయినా మొదటి నాలుగు నెలలూ నొప్పి తగ్గలేదు సరికదా, పెరిగింది. ఎందుకో తెలియడానికి చాలా రోజులు పట్టింది. సైకిలు మీద పెడల్ మన కింద ఉంటుంది, సగం పని మన బరువే చేస్తుంది. ఇక్కడ పెడల్ ఎదురుగా ఉంటుంది, కాలితో ముందుకి ఎంత తోస్తే అంతా వెనక్కొచ్చి సీటు వీపు మీద పడుతుంది, మధ్యలో నలిగేది నడుమే. నెమ్మదిగా తొక్కినంతసేపూ తెలీదు, ఎదురు నీటికి తొక్కినప్పుడే తెలుస్తుంది. నేను చేసింది సరిగ్గా అదే. కళింగపట్నం దగ్గర వంశధారలో పాటు నీటితో (సముద్రం వెనక్కి తీసేటప్పటి నీటితో) హాయిగా మొగ వైపు, అంటే నది సముద్రంలో కలిసే చోటి వైపు, దిగిపోవడం, తిరిగొచ్చేటప్పుడు అదే నీటికి ఎదురు తన్నడం. వల సర్దుకుంటున్న ఒక పెద్దాయన చూసి చూసి ఒకరోజు అన్నాడు: "ఏటి మాస్టారూ, నీటి మీద సైకిలు బాగానే ఉంది గానీ, నీరు ఎటు లాగతందో సూసుకోవాల కదేటి!" నాలుగు నెలలు నేను పట్టుకోలేనిది ఆయన ఒక్క ముక్కలో తేల్చేశాడు. అప్పట్నుంచి పోటు మొదలయ్యాక, అంటే సముద్రపు నీరు నదిలోకి ఎక్కేటప్పుడు, ఎగువకి వెళ్తాను, నీరు నిలిచినప్పుడు వెనక్కి తిరుగుతాను, పాటు మొదలైతే అదే దించుతుంది. దిగే చోటు మాత్రం మొగకి బాగా ఎగువన పెట్టుకోవాలి, ఏమరపాటుగా దాటిపోయామంటే ఇక సముద్రమే. వానాకాలం అసలు దింపను, ఎగువన గొట్టా బ్యారేజీ దగ్గర గేట్లు ఎత్తారంటే కింద నది వేరే నది అయిపోతుంది.

తర్వాతది సీటు దూరం. పెడల్ దూరమైతే కాలు పూర్తిగా చాచాల్సొచ్చి తొక్కిన ప్రతిసారీ తుంటి అటూ ఇటూ ఊగుతుంది, దగ్గరైతే మోకాళ్లు పొట్టకొచ్చి నడుం ముడుచుకుపోతుంది. కాలు ఎంత దూరం పోయినా మోకాల్లో కాస్త వంపు మిగలాలి. నా కాళ్లకి సీటు జరిపే పట్టా మీద ఏడో గాటు సరిపోయింది. ఒకసారి మా బావమరిది తొక్కి సీటు ఐదులో వదిలేశాడు, నేను చూసుకోకుండా గంట తొక్కాను, మర్నాడు బోర్డు మీద పై వరసలో రాయలేకపోయాను.

ఇప్పుడు తిట్లు. ఏడాదిన్నరకి సీటు జాలీ గుడ్డ సాగిపోయి ఉయ్యాలలా కుంగింది. కుంగిన సీట్లో కూర్చుంటే ఎత్తు సీటు లాభం మొత్తం పోయినట్టే. కొత్త గుడ్డ పంపమని కంపెనీని అడిగితే మొత్తం సీటే కొనుక్కోమన్నారు. ఊళ్లో ఆటో సీట్లు కుట్టే అతని దగ్గరికి పట్టుకెళ్లాను, అతను జాలీ కింద నవారు పట్టీలు అడ్డం నిలువూ అల్లి మంచంలా బిగించి ఇచ్చాడు. కొత్తప్పటికన్నా ఇప్పుడే బాగుంది. నడుం వెనక పెట్టుకోమని ఇచ్చిన గాలి దిండు కూడా దండగ, జారిపోతూ ఉంటుంది. తుండుగుడ్డ చుట్టచుట్టి బెల్టు మీద సరిగ్గా వంపు దగ్గర కట్టుకుంటాను, అంతే. లైఫ్ జాకెట్ వేసుకోకుండా దిగే ప్రశ్నే లేదు గానీ, మామూలు దానికి వెనక కింది దాకా ఫోము ఉంటుంది, అది సీటుకి ఆని మనల్ని ముందుకి తోసేస్తుంది. వెనక ఫోము భుజాల దగ్గరే ఉండి కింద జాలీ ఉండే రకం దొరుకుతుంది, అది తీసుకోండి.

ప్రొపెల్లర్ పడవ అడుక్కి అడుగున్నర దాకా దిగి ఉంటుంది. ఇసుక మేట తగిలితే ఆ కుదుపు నేరుగా కాళ్లలోంచి నడుంలోకి వస్తుంది. గుర్రపుడెక్క, తెగిన వల ముక్కలు చుట్టుకుంటే ముందుకి వంగి లాగాలి, నాకు అన్నిటికన్నా భయం అదే. హోబీ అనే కంపెనీ వాళ్లు 1997లో తెచ్చిన మిరాజ్ డ్రైవ్ రకం ఒక పూట తొక్కి చూశాను. ప్రొపెల్లర్ ఉండదు, కింద రెండు రెక్కలు పెంగ్విన్ ఈదినట్టు ఆడతాయి, కాళ్లు గుండ్రంగా తిప్పక్కర్లేదు, ఒకదాని తర్వాత ఒకటి తోస్తే చాలు. మోకాలు అంత పైకి రాదు, నొప్పిగా ఉన్న రోజు చిన్న చిన్న తోపులతో సరిపెట్టుకోవచ్చు, లోతు లేనిచోట రెక్కలు పడవ అడుగుకి ఆన్చేయొచ్చు. ధర మాత్రం మాస్టారి జీతానికి అందేది కాదు.

ఇప్పుడు వారానికి రెండు ఉదయాలు, గంటంబావు చొప్పున తొక్కుతున్నాను. ప్రతి ఇరవై నిమిషాలకీ పెడల్ మీంచి కాళ్లు తీసి అటో పక్క, ఇటో పక్క వేలాడేస్తాను. నడుం నయమైందని అనను, ఆ గంట నొప్పి గుర్తుండదు, మర్నాడు పెరగదు, నాకది చాలు. కాలు మొద్దుబారుతున్నా, పాదంలో పట్టు తగ్గినా పడవ సంగతి మరిచిపోయి డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఒంటికి రెంటికి పట్టు తప్పిందంటే మాత్రం అదే గంటలో వెళ్లాలి.

కొనేముందు షాపులోనే సీటు సరిచేయించుకుని నలభై నిమిషాలు కూర్చోండి, వాళ్లు మొహం చిట్లించినా సరే. దిగడం కూడా ప్రాక్టీసు చేయండి. మోకాలి లోతు నీళ్లలో రెండు కాళ్లూ ఒకే పక్కకి వేసి, చేతుల మీద బరువు మోపి లేవాలి, ముందుకి వంగి లేచారంటే అయిపోయినట్టే. ఇక అసలు శత్రువు మోత. ఒట్టి పడవే 36 కిలోలు, పెడల్, ప్రొపెల్లర్ ఉండే డ్రైవ్ ఇంకో ఏడు. ఇసుకలో సన్న చక్రాల బండి దిగబడిపోతుంది, గాలి నింపే లావు చక్రాలది కావాలి. అది కొనేదాకా ఏడాది పాటు రెండో కొస మా బావమరిదే పట్టాడు. "నీ నడుం సంగతేమో గానీ బావా, నాది పోయింది" అని ఇప్పటికీ అంటుంటాడు.