కోరాపుట్ చలికి హీటరా, ఏసీనా?

ఒడిశాలోని కోరాపుట్ జిల్లాలో సునాబెడ, సెమిలిగుడ వైపు స్థిరపడిన మనవాళ్లు కొత్త ఇంటికి పునాది పడగానే ఏ ఏసీ మంచిదని అడుగుతారు. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున్న చోటు ఇది. పుష్యమాసపు రాత్రులు 10 డిగ్రీల కిందికి దిగుతాయి. ఇక్కడ ఏసీ చల్లదనానికి కాదు, వెచ్చదనానికి కావాలి.

రూమ్ హీటరు రెండు మూడు వేలకు వస్తుంది. కాని 2,000 వాట్ల హీటరు గంటకు 2 యూనిట్లు తాగి, అంతే వేడి ఇస్తుంది. హాట్ అండ్ కోల్డ్ ఇన్వర్టర్ ఏసీ వేడిని పుట్టించదు, బయటి గాలిలోని వేడిని తోడి గదిలో పోస్తుంది. అందుకే 1 యూనిట్ కరెంటుకు దాదాపు 3 యూనిట్ల వేడి దక్కుతుంది. పొగమంచు పట్టిన రాత్రి బయటి పెట్టె మీద మంచు పేరుకుంటే, అది కరిగేదాకా కొన్ని నిమిషాలు వేడి ఆగిపోతుంది. కంగారుపడి మెకానిక్‌ని పిలవకండి. కొనేటప్పుడు రిమోట్ మీద వేడికి గుర్తుగా ఉండే సూర్యుడి బొమ్మనూ నమ్మకండి. ఒకే రిమోటును చాలా మోడళ్లకు ఇస్తారు. వివరాల పట్టికలో హీటింగ్ కెపాసిటీ అని ఉండాలి. రోజూ పడుకునే గదికి ఏసీ, చుట్టాలు వస్తే తెరిచే గదికి హీటరు. నా మాట ఇదే.

కుంపటి మాత్రం వద్దే వద్దు. పెంకుల సందుల్లోంచి గాలి ఆడే పాత ఇళ్లలో అది చెల్లింది. తలుపులు బిగుతుగా పడే కొత్త ఇంట్లో బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

ఇక గాలి సంగతి. బయటికి పోయే గాలిలోని వేడిని లోపలికొచ్చే గాలికి అందించే హీట్ రికవరీ యంత్రం పెట్టిస్తామని కొందరు ఉత్సాహపడుతున్నారు. లెక్క చూద్దాం. నలుగురికి గంటకు 100 ఘనమీటర్ల గాలి చాలు. లోపల 20, బయట 8 డిగ్రీలుంటే ఆ గాలితో పోయే వేడి 400 వాట్లు. యంత్రం అందులో 300 కాపాడుతుంది. ఏసీతో ఆ వేడి తెచ్చుకోవడానికి అయ్యే కరెంటు 100 వాట్లే. యంత్రం ఫ్యాన్లకు 40 పోతే, రాత్రి 8 గంటలకు మిగిలేది అర యూనిట్. రెండు నెలల చలికి 30 యూనిట్లు! దీనికోసం గోడల్లో గొట్టాలు, ఏటా ఫిల్టర్లు ఎవరు భరిస్తారు? నెలల తరబడి సున్నా దగ్గర ఉండే జర్మనీలో ఆ లెక్క వేరు.

ఎదురెదురు కిటికీలు, వంటగదికీ స్నానాలగదికీ చెరో ఎగ్జాస్ట్ ఫ్యాను, ఈమధ్య మేస్త్రీలు ఎగరగొడుతున్న పై వెంటిలేటర్లు ఉంటే సరిపోతుంది. వానాకాలపు నెమ్ముకు ఆ యంత్రం ఎటూ మందు కాదు; ఏసీలోని డ్రై మోడ్ కొంత నయం.

వీటన్నిటికంటే ముందు డబ్బు పెట్టాల్సింది పైకప్పు మీద. 2018లో కేంద్రం ఇళ్లలో ఇంధన పొదుపు కోసం తెచ్చిన ఎకో నివాస్ సంహిత ప్రకారం పైకప్పు యూ-విలువ, అంటే దాని గుండా వేడి ఎంత తేలిగ్గా దాటుతుందో చెప్పే అంకె, 1.2 దాటకూడదు. ఉత్త స్లాబుకు అది 3 దాటుతుంది. అంటే కొన్న వేడి రాత్రంతా పైనుంచి పోతూనే ఉంటుంది. స్లాబు మీద వేడిని ఆపే 50 మిల్లీమీటర్ల ఎక్స్‌పీఎస్ నురుగు పలకలు పరిపించి, ఆ తర్వాతే ఏసీ ఎన్ని టన్నులో అడగండి. చాలా గదులకు ఒక టన్ను సరిపోతుంది.