పోర్టబుల్ గోల్ పోస్టులు, వాటితో ఇచ్చిన యాంకర్లు: మూడు వానాకాలాలు వాడాక

నిజాంపేట వైపు మా కాలనీ గ్రౌండ్‌లో పిల్లల ఆట కోసం తెప్పించిన అల్యూమినియం గోల్ పోస్టుల జత ఇది. వెడల్పు 3 మీటర్లు, ఎత్తు 2 మీటర్లు, అంటే ఐదుగురేసి ఆడే చిన్న ఫుట్‌బాల్, ఫుట్‌సాల్ కొలత. వెనక ఫ్రేమ్ మడతపడుతుంది. పోస్టుల మీద ఫిర్యాదేమీ లేదు. పైపు వంగలేదు, వెల్డింగ్ ఊడలేదు, నెట్ మాత్రం ఒకసారి మార్చాం. ఇబ్బందంతా వాటిని నేలకి పట్టి ఉంచే సామానుతోనే, అంటే యాంకర్లతోనే.

జతతో పాటు ఇచ్చిన స్పైరల్ యాంకర్లు, అంటే మరలా తిప్పి నేలలోకి దింపే కడ్డీలు, మెత్తటి పచ్చిక నేలకి బాగుంటాయి. మాది పైన మొరం, కాస్త లోపలికి పోతే రాయి. మే నెలలో కడ్డీ దూర్చి ఎంత తిప్పినా నాలుగు వేళ్ల లోతు దిగి మొరాయిస్తుంది. గడ్డపారతో బొక్క చేసి దింపొచ్చు గానీ, అలా దింపినదానికి పట్టు ఉండదు. వానలు పడ్డాక ఇట్టే దిగుతుంది, ఇట్టే ఊడి వస్తుంది. ఆటకి ముందు ఒక పెద్దమనిషి క్రాస్‌బార్ (పైన ఉండే అడ్డ పైపు) మధ్యలో పట్టుకుని ముందుకి లాగి చూడటం మాకు అలవాటు. నేలకి ఆని ఉండే వెనక పైపు ఏమాత్రం లేచినా అక్కడ ఆట మొదలుకాదు. ఇక ఆ సన్నటి నెట్ మేకులు నెట్‌ని పట్టుకోవడానికే, పోస్టుని ఆపడానికి కాదు. అమ్మినవాళ్లు ఇచ్చిన కాగితంలో ఈ ముక్క ఎక్కడా లేదు.

చివరికి మా నేల మీద నమ్మకంగా పనిచేసింది బరువే. లెక్క చాలా తేలిక. మా పోస్టుకి వెనక పైపు ముందు కాళ్ల నుంచి మీటరు దూరంలో ఉంది, క్రాస్‌బార్ 2 మీటర్ల ఎత్తులో ఉంది. వెనక 50 కిలోలు పెడితే, పైన ముందుకి లాగే 25 కిలోల బలాన్నే అది ఆపుతుంది. పిల్లాడు వేలాడి ఊగడం మొదలుపెడితే అది ఏ మూలకీ చాలదు. అందుకే ఒక్కో పోస్టుకి 25 కిలోల ఇసుక సంచులు నాలుగు వేశాం, అన్నీ వెనక పైపు మీదే. పక్క పైపు మీద ముందు కాలి దగ్గర పెట్టే బరువు దండగ. మొదట్లో వాడిన యూరియా సంచులు ఒక్క ఎండాకాలానికే పొడిపొడి అయ్యాయి. తర్వాత మందపాటి టార్పాలిన్‌తో కుట్టించినవి ఇంకా నిలిచాయి.

పోర్టబుల్ అయినా సరే, గోల్ పోస్టులని నేలకి గట్టిగా బిగించాల్సిందేనని ఫుట్‌బాల్ ఆట నియమాల్లో మొట్టమొదటిదే చెబుతుంది. అయితే పోస్టు మీద పడి జరిగే ప్రమాదాలు మ్యాచ్‌లోనే జరగాలని లేదు. పిల్లలు ఎక్కడం, వేలాడటం వల్ల జరిగేవే ఎక్కువ. కోచ్ వెళ్లిపోయాక, సంధ్యవేళ ఖాళీ గ్రౌండ్‌లో వాళ్లని చూసేదెవరు? అందుకని యాంకర్ మీద పెట్టినంత శ్రద్ధ దాచడం మీదా పెట్టాలి. మేం ఆట అవగానే నెట్ విప్పేస్తాం. నెట్ లేకపోతే ఎక్కడానికి కాలు ఆనదు, గాలి పట్టదు. రెండు పోస్టులనీ ఎదురెదురుగా ముఖాలు ఆనించి, నిలువు పైపుల్ని రెండు వైపులా గొలుసులతో బిగించి తాళం వేస్తాం. ఒకటి ముందుకి పడబోతే రెండోదాని అడుగు ఫ్రేమ్ అడ్డుకుంటుంది. ఏప్రిల్, మే గాలిదుమారాలకి పక్కనే ఉన్న షెడ్డు రేకు లేచింది గానీ ఇవి కదల్లేదు. మడిచి గోడకి ఊరికే ఆనించడం మాత్రం వద్దు. కట్టకపోతే అదీ పడేదే.

మోయడం నలుగురు పెద్దవాళ్ల పని, పిల్లల్ని దగ్గరికి రానివ్వం. తాళం చెవి వాచ్‌మన్ దగ్గర ఉంటుంది. ‘అంకుల్, ఒక్క పది నిమిషాలు’ అని పిల్లలు బతిమాలినా ఆయన ఇవ్వడు, ఈ మొత్తం ఏర్పాటులో అన్నిటికన్నా గట్టి యాంకర్ ఆయనే అనుకోండి. అల్యూమినియం పైపులో ఇనుప బోల్టు వానకి తడిసి పట్టేస్తుంది, జూన్ రాకముందే గ్రీజు పూయాలి.

కొత్తగా కొనేవాళ్లు వెనక పైపులోనే బరువు బిగించి, చక్రాలు పెట్టిన మోడల్ చూడండి. మా అసోసియేషన్‌లో దాని ధర మీద చర్చ ఇంకా తెగలేదు.