2,100 గంటల తర్వాత మినీ ట్రాక్టర్: కొనే ముందు ఫ్యాక్టరీలో చూసినవాటిలో ఏవి అక్కరకొచ్చాయి

ముందు బండి వివరం. 25 హెచ్‌పీ తరగతి, మూడు సిలిండర్ల డీజిల్ ఇంజిన్, నాలుగు చక్రాల డ్రైవ్, బయటి వెడల్పు మూడున్నర అడుగులు, బరువు దగ్గర దగ్గర 900 కిలోలు. తయారైంది రాజ్‌కోట్ పక్కనున్న శాపర్–వెరావల్ పారిశ్రామికవాడలో. నడుస్తున్నది నల్లగొండ జిల్లా ఎర్ర చెలకలో, 20 అడుగుల దూరంతో నాటిన బత్తాయి తోటలో. 2019 నుంచి ఇప్పటికి మీటరు మీద 2,100 గంటలు దాటింది. నాలుగడుగుల రొటావేటర్, అయిదు కొమ్ముల కల్టివేటర్, మందు కొట్టే మిస్ట్ బ్లోవర్, చిన్న ట్రాలీ: ఈ నాలుగే దీనికి పని.

కంపెనీ పేరు రాయడం లేదు. కింద చెప్పే మంచీ చెడూ ఈ తరగతి బండ్లన్నిటికీ కొద్ది తేడాతో వర్తిస్తాయి.

45 హెచ్‌పీ ట్రాక్టర్ కొనేవారికి ఫ్యాక్టరీ దాకా పోవాల్సిన పని లేదు. ఊళ్లో పది బండ్లుంటాయి, మండల కేంద్రంలో వాటిని విప్పి బిగించే మెకానిక్ ఉంటాడు, సామాను ఏ ఆటో స్పేర్స్ షాపులోనైనా దొరుకుతుంది. మినీ ట్రాక్టర్ సంగతి వేరు. షోరూంలో ఒక్కటే బండి ఉంటుంది, అదీ రంగు చెదరకుండా నిలబెట్టింది. దాని గేరుబాక్సు లోపల చూసిన మెకానిక్ జిల్లాలో ఉండడు. అందుకే తయారయ్యే చోటికే వెళ్లి చూడాలి. మనవాళ్లకు దూరాభారం కూడా తగ్గింది: జహీరాబాద్‌లో మహీంద్రా ప్లాంటు ఉంది, 2023 ఆగస్టులో వచ్చిన ఓజా శ్రేణి తేలిక ట్రాక్టర్లు తయారయ్యేది అక్కడే. చిత్తూరు, అనంతపురం వైపు వారికి హోసూరులోని వీఎస్‌టీ ట్రాక్టర్ల ప్లాంటు దగ్గరవుతుంది. పెద్ద ప్లాంట్లకు డీలరు ద్వారా ముందుగా అనుమతి తీసుకోవాలి. రాజ్‌కోట్ వైపు చిన్న కంపెనీలకైతే ఫోన్ చేసి వారపు సెలవు ఏ రోజో కనుక్కుని వెళ్తే చాలు. దీపావళి నుంచి లాభ పంచమి (కార్తీక శుద్ధ పంచమి) దాకా మాత్రం అటు పోవద్దు, గుజరాత్‌లో షెడ్లన్నీ మూసి ఉంటాయి.

వెళ్లేటప్పుడు చేతిలో తోట కొలతలు ఉండాలి. చెట్ల మధ్య దూరం కాదు, రెండు వైపుల కొమ్మల మధ్య మిగిలిన ఖాళీ. 20 అడుగుల సాళ్లలో కాపుకొచ్చిన బత్తాయికి మధ్యలో ఏడెనిమిది అడుగులే మిగులుతుంది. కింది కొమ్మ నేల నుంచి ఎంత ఎత్తులో ఉంది, సాలు చివర తిరగడానికి గట్టు దాకా ఎంత జాగా ఉంది, డ్రిప్ పైపు చెట్టుకు ఎంత దూరంలో పోతోంది, ఇవన్నీ రాసుకోవాలి. ఇప్పటికే ఉన్న పనిముట్ల బరువు తూకం వేయించి పట్టుకెళ్లాలి. ఒక టేపు, ఒక సుద్దముక్క, మీ బండ్లు చూసే మెకానిక్ వెంట ఉంటే ఇంకేమీ అక్కర్లేదు.

ఫ్యాక్టరీ అనగానే అందరూ అసెంబ్లీ లైను చూపిస్తారు. చూడటానికి బాగుంటుంది గానీ దానివల్ల తేలేది తక్కువ. అక్కడ గమనించాల్సినవి రెండే. గేరుబాక్సు, వెనక ఇరుసు పోత పెట్టెలను బిగించే ముందు వేడి నీళ్లతో కడుగుతున్నారా లేదా? పోతపోసిన ఇసుక లోపల మిగిలితే ఆ రేణువులు ఆయిల్‌తో పాటు తిరిగి, వెనక పనిముట్టును ఎత్తే లిఫ్ట్‌కు ఆయిల్ తోసే హైడ్రాలిక్ పంపును తినేస్తాయి. రెండోది, టార్క్ రెంచితో (బిగువు కొలిచే పానాతో) బిగించిన బోల్టు మీద పెయింటు గీత పెడుతున్నారా? ఆ గీత లేకపోతే ఏ బోల్టు బిగించారో ఏది మరిచారో వాళ్లకే తెలియదు.

అసలు విషయం రీవర్క్ మూలలో ఉంటుంది. పరీక్షలో తప్పిన బండ్లను విప్పి సరిచేసే జాగా అది. చూపించమని అడగాలి, మొహమాటం వద్దు. అక్కడ మూడు బండ్లుంటే మూడింటికీ ఒకే రోగం ఉందా చూడండి. మేం వెళ్లిన రోజు రెండు బండ్లు ముందు ఇరుసు ఆయిల్ సీల్ (ఆయిల్ బయటికి రాకుండా ఆపే రబ్బరు రింగు) కారి వచ్చి ఉన్నాయి. అది అప్పుడే గట్టిగా పట్టించుకోవాల్సింది. మా బండికి 640 గంటల దగ్గర సరిగ్గా అదే వచ్చింది. కారణం రెండు రకాలు: సీల్ కూర్చునే గాడి నునుపు చాలకపోవడం, దానికి తోడు గరిక పోచలూ పాత డ్రిప్ పైపు ముక్కలూ చక్రం దగ్గర చుట్టుకుని సీల్ పెదవిని కోయడం. కొత్త సీళ్లు వేసేటప్పుడు బయట రేకు రింగు వెల్డింగ్ చేయించాక రెండో జత 1,300 గంటలు నడిచింది. వానాకాలం అయ్యాక ముందు ఇరుసు డ్రెయిన్ బోల్టు వదులు చేసి నాలుగు చుక్కలు చూడాలి. ఆయిల్ పాలలా తెల్లగా ఉంటే నీళ్లు చేరినట్టే, ఆ రోజే మార్చాలి.

ఇక స్పేర్ పార్టుల గది. నా లెక్కలో మొత్తం ప్రయాణానికి గిట్టుబాటు అక్కడే. "అన్నీ ఉన్నాయి" అన్న మాట మీద ఆగకుండా మూడు వస్తువులు పేరు పెట్టి అడగండి: క్లచ్ ప్లేటు, హైడ్రాలిక్ పంపు, ముందు ఇరుసు బెవెల్ గేరు జత (ముందు చక్రాలను తిప్పే ఏటవాలు పళ్ల గేర్లు). పార్టు నంబరుతో వెతికి అప్పటికప్పుడు కౌంటరు మీద పెట్టగలిగితే మంచి కంపెనీ. తర్వాత బేరింగులు, ఆయిల్ సీళ్లు, ఓ రింగుల (గుండ్రటి సన్న రబ్బరు రింగుల) సైజు పట్టిక రాసివ్వమనండి. బేరింగు 6206 అనో, సీల్ 35×52×10 అనో నంబరు చేతిలో ఉంటే సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో గంటలో దొరుకుతుంది. లేకపోతే అదే సీల్ కోసం కొరియర్ మీద వారం పది రోజులు బండి పడి ఉంటుంది. ఆ వారం మందు కొట్టాల్సిన వారమైతే పురుగు ఆగదు. 900 గంటల దగ్గర రొటావేటర్ ఎత్తి పెడితే బండి ఆగగానే కిందికి జారడం, నడుస్తుంటే లిఫ్ట్ ఎగిరెగిరి పడటం మొదలైంది. అది లిఫ్ట్ సిలిండర్ పిస్టన్ ఓ రింగు పని. పట్టికలో సైజు ఉంది కాబట్టి ఒక్క పూటలో అయిపోయింది. లిఫ్ట్ మెల్లగా లేస్తూ పంపు కూత పెడితే మాత్రం ఓ రింగు కాదు, ఆయిల్ లాగే చోట జాలీ మూసుకుపోయిందని అర్థం.

వచ్చేటప్పుడు వెంట తెచ్చుకోదగ్గవి: ఇంజిన్ ఆయిల్ ఫిల్టర్లు రెండు, డీజిల్ ఫిల్టర్లు రెండు, హైడ్రాలిక్ ఫిల్టర్ ఒకటి, ఫ్యాన్ బెల్టు, రేడియేటర్ పైపులు పైదీ కిందిదీ, ముందు ఇరుసు సీళ్ల జత, క్లచ్ ప్లేటు. అన్నీ ఒక గోనెసంచిలో పడతాయి. క్లచ్ ప్లేటు తప్ప మిగతావన్నీ మొదటి రెండేళ్లలోనే వాడకానికి వచ్చాయి. ప్లేటు 1,450 గంటల దగ్గర వేశాం. పెడల్ ఆట (క్లచ్ పట్టకముందు పెడల్ ఉత్తగా కదిలే దూరం) నెలకోసారి చూసి 20–25 మి.మీ. ఉంచితే ఈ సైజు బండికి అది సరైన ఆయుష్షే.

లిఫ్ట్ సామర్థ్యం గురించి కొంచెం నిదానంగా చెప్పాలి, ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. పుస్తకంలో 600 కిలోలు అని ఉంటుంది. ఆ అంకె కింది లింకుల (పనిముట్టు తగిలించే వెనక చేతుల) కొస దగ్గరిది. పనిముట్టు బరువు మధ్యస్థానం అక్కడ ఉండదు, రెండడుగులు వెనక ఉంటుంది. పరీక్షా సంస్థలు లింకుల కొస నుంచి 610 మి.మీ. వెనక బరువు పెట్టి కొలుస్తాయి, ఆ అంకె బాగా తక్కువగా వస్తుంది. 400 లీటర్ల మిస్ట్ బ్లోవర్ అంటే నీళ్లే 400 కిలోలు, యంత్రం ఇంకో 200. నిండా నింపి ఎత్తితే గట్టు ఎక్కేచోట ముందు చక్రాలు తేలిపోతాయి, స్టీరింగ్ తిప్పినా బండి తిరగదు. ఫ్యాక్టరీలో మీ పనిముట్టు బరువుకు సమానమైన దిమ్మెలు అంతే వెనక వేలాడదీసి ఎత్తి చూపమనండి. మేం ముందు 20 కిలోల దిమ్మెలు నాలుగు వేసి, ట్యాంకులో 300 లీటర్లే పోస్తున్నాం. మళ్లీ కొనే పనైతే ఎత్తే రకం కాదు, చక్రాల మీద లాగే బ్లోవరే తీసుకోవాలి. ఈ తరగతికి అదే తగినది.

కాగితం మీద అంకెలకు కంపెనీ పుస్తకం కంటే నమ్మదగ్గది మధ్యప్రదేశ్‌లోని బుధ్నీలో ఉన్న కేంద్ర ప్రభుత్వ ట్రాక్టర్ పరీక్షా సంస్థ ఇచ్చే నివేదిక. మోడల్ పేరు చెప్పి ఫ్యాక్టరీలోనే చూపించమనాలి. పీటీఓ (ఇంజిన్ శక్తిని పనిముట్టుకు అందించే వెనక ఇరుసుకొస) దగ్గర నిజంగా వచ్చిన హెచ్‌పీ ఎంత, బ్రేకు వేసి, వేయకుండా తిరిగే వ్యాసార్థం ఎంత, డ్రైవర్ చెవి దగ్గర చప్పుడు ఎంత అన్నవి అందులో ఉంటాయి. 25 హెచ్‌పీ ఇంజిన్‌కు పీటీఓ దగ్గర 21 దాకా మిగిలితే నాలుగడుగుల రొటావేటర్ లాగుతుంది. 18 అయితే మూడున్నర అడుగులతో సరిపెట్టుకోవాలి. మా చెలకలో తడి పదును మీద నాలుగడుగుల రొటావేటర్ ఎకరానికి గంటా నలభై నిమిషాలు, అయిదు లీటర్ల డీజిల్ తీసుకుంటుంది. కల్టివేటర్‌కు గంటకు రెండు లీటర్లు.

తిరుగుడు కొలవడం సుద్దముక్క పని. ఫ్యాక్టరీ సిమెంటు నేల మీద మీ సాలు వెడల్పు గీసి, పనిముట్టు తగిలించి తిప్పించండి. ఉత్త బండి తిరిగినంత మాత్రాన సరిపోదు.

నాలుగు చక్రాల డ్రైవ్‌లో ఒక సూక్ష్మం ఉంది. ముందు చక్రాలు వెనకవాటి కంటే కొంచెం, నూటికి ఒకటి నుంచి అయిదు వంతుల దాకా, వేగంగా తిరిగేలా గేర్లు కట్టి ఉంటాయి. అందుకే ముందు టైర్లు అరిగితే అచ్చంగా అదే సైజు, ఒకే కంపెనీ జత వేయాలి. వేరే టైర్లు వేస్తే లెక్క సరిచూసుకోవడం సులువు: గట్టి మట్టిదారిలో వెనక చక్రం పది చుట్లు తిరిగేలోపు ముందుది ఎన్ని చుట్లు తిరిగిందో డ్రైవ్ వేసి ఒకసారి, తీసి ఒకసారి లెక్కపెట్టాలి. వేసినప్పుడు కాస్త ఎక్కువ రావాలి. తారురోడ్డు మీద డ్రైవ్ వేసి నడిపితే ముందు టైర్లు, బెవెల్ గేర్లు రెండూ పోతాయి. మా ముందు టైర్లు 1,300 గంటలకే మార్చాల్సి రావడానికి రోడ్డు మీద డ్రైవ్ లివర్ తీయకపోవడమే కారణం. ఆ సైజు టైరు జిల్లాలో దొరకలేదు, హైదరాబాద్ నుంచి తెప్పించాం. కొనే ముందే మీ ఊరి టైర్ల షాపులో ముందు టైరు సైజు చెప్పి అడిగి చూడండి.

ఫ్యాక్టరీలో తేలనివి కొన్ని ఉన్నాయి. మే నెలలో రేడియేటర్ నుంచి వచ్చే వేడిగాలి నేరుగా మోకాళ్లకు కొడుతుందని చలికాలం వెళితే తెలియదు. నిలువు సైలెన్సర్ కొమ్మల్ని కాలుస్తుంది, దాన్ని కిందికి తిప్పే గొట్టం విడిగా కొనాల్సి వచ్చింది. రేడియేటర్ జాలీలోకి గడ్డి నూగు, వయ్యారిభామ పూత చేరి చలికాలంలో కూడా ఇంజిన్ వేడెక్కిపోతుంది. రొటావేటర్ పనిలో నాలుగు గంటలకోసారి ఆపి, ఫ్యాన్ వైపు నుంచి ముందుకు గాలి కొట్టాలి. నీళ్లు గట్టిగా కొడితే రేకులు వంగి ఇంకా మూసుకుంటాయి.

పీటీఓ సీల్ 700 గంటలకు కారింది. తప్పు సీల్‌ది కాదు, పీటీఓను పనిముట్టుకు కలిపే షాఫ్టుది. మినీ ట్రాక్టర్‌లో పీటీఓకూ రొటావేటర్‌కూ మధ్య దూరం తక్కువ. బజారులో దొరికే షాఫ్టు కోయకుండా వేస్తే రెండు గొట్టాలూ కలిసే చోట చివరికి తగిలి, లోపలి బేరింగును గుద్దుతూ ఉంటుంది. పనిముట్టును పైకీ కిందికీ కదిపి, షాఫ్టు బాగా లోపలికి పోయిన చోట కూడా ఒక అంగుళం ఖాళీ ఉండేలా కోయించాలి. బాగా సాగిన చోట మూడో వంతైనా ఒకదాంట్లో ఒకటి ఉండాలి.

చివరిగా బయటి యార్డు. మీకు వచ్చే బండి లైను మీద చూసింది కాదు, ఎండలో నిలబడి ఉన్నవాటిలో ఒకటి. ప్లేటు మీద తయారీ నెల, సంవత్సరం చూడండి. టైరు మీద నాలుగంకెల గుర్తులో మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. బండి కింద ఆయిల్ చుక్కలు ఉన్నాయేమో వంగి చూడండి. నచ్చిన బండి చాసిస్ నంబరు రాసుకుని అదే కావాలని ఆర్డరు మీద రాయించండి. బిల్లు మాత్రం మన రాష్ట్రంలోని డీలరు దగ్గరే చేయించుకుంటే రిజిస్ట్రేషన్ తేలిక. ఫారం 21 (అమ్మకం సర్టిఫికెట్), ఫారం 22 (బండి రోడ్డుకు తగినదన్న తయారీదారు సర్టిఫికెట్) రెండూ చేతికొచ్చాకే మిగతా డబ్బు కట్టాలి. సబ్సిడీ ఆశ ఉంటే ఆ మోడల్ మన వ్యవసాయ శాఖ జాబితాలో ఉందో లేదో ప్రయాణానికి ముందే మండల వ్యవసాయ అధికారి దగ్గర కనుక్కోవాలి.

ప్రస్తుతం బండి పరిస్థితి: ఇంజిన్ ఇంతవరకు విప్పలేదు, పొగ లేదు, 250 గంటలకోసారి మార్చే ఆయిల్ మధ్యలో అర లీటరు కూడా తగ్గడం లేదు. స్టీరింగ్‌లో ఆట పెరిగింది, ముందు కింగ్‌పిన్ (ముందు చక్రం పక్కకు తిరిగే కీలు) బుష్షులు అరిగాయి. పట్టికలో వాటి సైజు ఉంది, బత్తాయి కోత అయ్యాక వేయించాలి.