రీఫర్ బండా, ఐసు పెట్టెనా: పాడయ్యే సరుకుకి ఏది మేలు?

పాలు, చేపలు, మాంసం, పండ్లు దూరం పంపేటప్పుడు అందరూ ముందు అడిగేది "ఎన్ని కిలోమీటర్లు?" అని. నన్నడిగితే ముందు తేల్చుకోవాల్సింది ఆ సరుకు ఎన్నిసార్లు చేతులు మారుతుంది, దారిలో ఎన్నిసార్లు తలుపు తెరుచుకుంటుంది అనేది. ఎక్కడా తలుపు తీయకుండా నాలుగు వందల కిలోమీటర్లు పోయిన బండిలో కంటే, ఊళ్లోనే ఇరవై చోట్ల ఆగిన బండిలో సరుకు ముందు పాడవుతుంది. రీఫర్ బండి (చల్లబరిచే యంత్రం బిగించిన బండి) మేలా, ఐసు పెట్టిన థర్మాకోల్ పెట్టె మేలా అనేది చాలావరకు ఇక్కడే తేలిపోతుంది.

రెండింటికీ వర్తించే మాట ఒకటి ఉంది. ఈ రెండూ సరుకుని చల్లబరచడానికి పుట్టినవి కావు, చల్లగా ఉన్నదాన్ని అలాగే ఉంచడానికి పుట్టినవి. వేడిగా ఉన్న పెట్టెలు ఎక్కించి సెట్ పాయింట్ (యంత్రానికి మనం చెప్పే ఉష్ణోగ్రత) 2 డిగ్రీలు పెట్టేస్తే బండిలో గాలి చల్లబడుతుంది, పెట్టె నడిబొడ్డు మాత్రం గంటల తరబడి అలాగే ఉంటుంది. అందుకే సరుకుని కోల్డ్ రూమ్‌లో ముందే చల్లబరచాలి, పెట్టెనైనా బండినైనా లోడింగ్‌కి ముందే చల్లబరచుకోవాలి.

ముందు రీఫర్ సంగతి. దీని బలమంతా గాలి ఆటలో ఉంది. బండిలో చల్లగాలి ముందు గోడ దగ్గర్నుంచి పైకప్పు వెంబడి వెనక్కి వెళ్లి, పెట్టెల మధ్యగా, కిందగా తిరిగి ముందుకొస్తుంది. ఓడల మీద వెళ్లే కంటైనర్‌లో దీనికి తలకిందులు: గాలి నేలలోని గాడుల గుండా కిందనుంచి పైకి వస్తుంది. ఏదైనా సరే దారి మూసుకుపోతే పని చెడుతుంది. కంటైనర్ లోపలి గోడ మీద ఎర్ర గీత గీసి ఉండేది అందుకే, సరుకు ఆ గీత దాటకూడదు.

ఒకసారి మా దగ్గరికి వచ్చిన లోడు గుర్తుంది. డ్రైవర్ క్యాబిన్‌లో డిస్‌ప్లే ఠంచనుగా 2 చూపిస్తోంది. మధ్య వరుసలోంచి ఒక పెట్టె తీసి థర్మామీటర్ పెడితే 11. పైన పటారం, లోన లొటారం. ఎక్కించినవాళ్లు చోటు వృథా కాకూడదని పెట్టెల్ని పైకప్పు దాకా, ముందు గోడకి ఆనించి పేర్చారు. గాలి తిరిగొచ్చే దారి మూసుకుపోయింది. యంత్రం కొలిచింది తన ముందున్న గాలిని, సరుకుని కాదు.

రీఫర్‌కి రెండో శత్రువు తలుపు. తీయగానే చల్లగాలి బరువుకి కిందనుంచి జారిపోతుంది, తేమతో కూడిన వేడిగాలి పైనుంచి లోపలికి వస్తుంది. ఆ తేమ కాయిల్ (గాలిని చల్లబరిచే గొట్టాల చుట్ట) మీద మంచుగా పేరుకుంటే, అది కరిగి డీఫ్రాస్ట్ అయ్యేదాకా చల్లదనం రాదు. తలుపు దగ్గర వేలాడే ప్లాస్టిక్ పట్టీల తెరలు, అంటే స్ట్రిప్ కర్టెన్లు, కొంత ఆదుకుంటాయి గానీ పూర్తిగా కాదు. ఇలా చాలా చోట్ల ఆగాల్సిన ఐస్‌క్రీమ్ లాంటి సరుకుకి మూడో దారి ఉంది: గోడల్లో ఘనీభవించే ద్రావణం నింపిన పలకలు బిగించిన బండి. రాత్రంతా కరెంటుకి తగిలించి పలకల్ని గడ్డకట్టిస్తారు, పగలంతా అవి చల్లదనం వదులుతూ ఉంటాయి. బరువెక్కువ, ఉష్ణోగ్రతని మన ఇష్టానికి మార్చుకోలేం. కానీ తలుపు మూయగానే తేరుకోవడంలో మాత్రం చాలా నమ్మకమైంది.

ఇక పెట్టె దగ్గరికి వద్దాం. ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఐసు ఎక్కువ వేసేసి గోడ సంగతి మర్చిపోవడం. ఒక లెక్క చూడండి. ప్రతి వైపూ 40 సెంటీమీటర్లున్న థర్మాకోల్ పెట్టె, గోడ మందం 3 సెంటీమీటర్లు, బయట 30 డిగ్రీలు, లోపల కరుగుతున్న ఐసు. కిలో ఐసు కరగడానికి 334 కిలోజౌళ్లు కావాలి. ఆ గోడ గుండా రోజంతా చొరబడే వేడిని ఆపాలంటే సుమారు 9 కిలోల ఐసు కావాలి. గోడ మందం రెట్టింపు చేస్తే దాదాపు సగం చాలు. సరుకుని ముందే చల్లబరచకపోతే ఇంకో ఖర్చు: 15 డిగ్రీల మీదున్న 20 కిలోల చేపల్ని 2 డిగ్రీలకి దించడానికే 3 కిలోల దాకా ఐసు కరిగిపోతుంది. ప్రయాణం మొదలవకముందే మూడో వంతు ఖాళీ!

జెల్ ప్యాకుల మీద కొందరికి మహా గురి. వాటిలో ఉండేది ఎక్కువ భాగం నీళ్లే. కరిగినా కారవు, పెట్టె తడవదు, అంతవరకు మేలు. చల్లదనం దాచుకునే శక్తిలో ఐసుని మించినవేం కావు. పైగా డీప్ ఫ్రీజర్‌లోంచి తీసిన ప్యాకుని నేరుగా ఆకుకూరల మీదో స్ట్రాబెర్రీల మీదో పెడితే తగిలిన చోట గడ్డకట్టి నల్లబడిపోతాయి. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు. ప్యాకు మీద చెమట పట్టేదాకా బయట ఉంచి, మధ్యలో అట్ట వేసి సర్దాలి. చేపలకైతే మామూలు ఐసు ముక్కలే మేలు. అంటుకుని ఉంటాయి, కరిగిన నీళ్లు మీదుగా పారుతూ చల్లబరుస్తాయి. నీళ్లు బయటికి పోయే దారి మాత్రం ఉండాలి.

ఫ్రోజెన్ సరుకు -18 దగ్గర ఉండాలంటే ఐసు పనికిరాదు, డ్రై ఐస్ (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్) కావాలి. అది -78.5 డిగ్రీల దగ్గర నేరుగా గ్యాస్ అయిపోతుంది, నీరు కారదు. కానీ కిలో డ్రై ఐస్ నుంచి 500 లీటర్ల పైన కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. పెట్టెని గాలి చొరకుండా బిగిస్తే పేలుతుంది. మూసిన వ్యాన్‌లో డ్రైవర్ పక్కనే పెట్టుకుంటే ఊపిరాడదు. విమానంలో వెళ్తే యూఎన్ 1845 (డ్రై ఐస్‌కి ప్రమాదకర సరుకుల జాబితాలో ఉన్న నంబరు) గుర్తు, లోపలున్న డ్రై ఐస్ బరువు పెట్టె మీద రాయాలి.

రకరకాల సరుకు కలిపి పంపేటప్పుడు నేను పెట్టె వైపే మొగ్గుతాను. అరటిపండు 13 డిగ్రీల కిందికి వెళ్తే తొక్క నల్లబడుతుంది, పాలకి 4 కావాలి, ఒకే గదిలో రెండూ ఎలా పడతాయి? పైగా పండిన పండ్లు వదిలే ఇథిలీన్ వాయువు పక్కనున్న కాయల్ని తొందరపెడుతుంది. విడివిడి గదుల రీఫర్లు ఉన్నాయి, నిజమే, కానీ చిన్న లోడుకి అంత అట్టహాసం దండగ. ఇంకో తేడా కూడా చూడండి. రీఫర్ చెడితే లోడంతా పోతుంది, పెట్టెలు పోతే ఒక్కొక్కటిగా పోతాయి.

అలాగని పెట్టెనే నెత్తిన పెట్టుకోను. పెట్టె గడియారం వెనక్కే తిరుగుతుంది. కరిగిన ఐసుని మధ్యదారిలో ఎవరూ మళ్లీ గడ్డకట్టించరు. చెక్‌పోస్టు దగ్గరో ఓడరేవులోనో రెండు రోజులు ఆగే అవకాశం ఉంటే, ఇంధనం ఉన్నంతసేపూ నడిచే రీఫర్‌కి సాటి లేదు. 1882లో డునెడిన్ అనే తెరచాప ఓడ న్యూజిలాండ్ నుంచి లండన్‌కి 98 రోజుల్లో గడ్డకట్టిన మాంసం చేర్చింది. దాని బలం వేగం కాదు, దారిలో యంత్రం చల్లదనాన్ని పుట్టిస్తూ ఉండటమే. అదే విమానంలోనైతే గంటల్లో చేరుతుంది గానీ, ఎండలో రన్‌వే పక్కన ట్రాలీ మీద నిలబడ్డ ఆ కాసేపే మొత్తాన్ని చెడగొట్టగలదు.

దారి పొడుగు, చేతులూ ఎక్కువ అయితే? పెట్టెల్ని రీఫర్‌లో ఎక్కించండి. బండి పెద్ద దారంతా కాపాడుతుంది, దించాక చివరి రెండు గంటలు పెట్టె కాపాడుతుంది. నేనైతే టెన్షన్ లేకుండా పంపేది ఇలాగే.

ఏది ఎంచుకున్నా, చేరిన చోట థర్మామీటర్ ఒక్కటే చూసి సంతకం పెట్టకండి. దారిలో నాలుగు గంటలు వేడెక్కి మళ్లీ చల్లబడ్డ సరుకు చేతికి చల్లగానే తగులుతుంది. ట్యూనా, మాకరెల్ లాంటి చేపల్లో ఆ వేడికి పుట్టిన హిస్టమిన్ అనే విషపదార్థం తర్వాత వండినా పోదు. డేటా లాగర్ (దారంతా ఉష్ణోగ్రతని గీతగా నమోదు చేసే చిన్న పరికరం) ఒకటి తలుపు పక్కనున్న చివరి వరుసలో పై పెట్టెలో, ఇంకోటి మధ్య ప్యాలెట్ లోపల పెట్టండి. చేరాక ఆ రెండు గీతల్నీ పక్కపక్కన పెట్టి చూశాకే సరుకు దించుకోండి.