గుండె పంపింగ్ తగ్గిన మనిషి ఇంట్లో ఏ బరువు మిషను ఉండాలి?

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ దుకాణాల్లో వెయ్యి రూపాయలకు అటూ ఇటూగా దొరికే, నాలుగు సెన్సర్ల గ్లాసు బరువు మిషను గురించి ఈ సమీక్ష. ఒంట్లో లీటరు నీరు నిలిస్తే బరువు కిలో పెరుగుతుంది. పాదాల వాపు కంటికి ఆనేసరికి లీటర్ల కొద్దీ చేరిపోయి ఉంటుంది. అందుకే పంపింగ్ తగ్గినవాళ్లకు కాళ్లు చూసుకోవడం ఒక్కటే చాలదు, రోజూ తూకం కావాలి.

ముల్లు తిరిగే స్ప్రింగు మిషను వద్దు. దాని గీతల మధ్య ఎడమే కిలో, అరకిలో. మనం వెతికే తేడా అందులో దొరకదు. ఫోనుకు కలిసి కొవ్వు శాతం చెప్పే రకమూ వద్దు. అది పాదాల గుండా సన్నటి కరెంటు పంపి లెక్క కడుతుంది కాబట్టి పేస్‌మేకర్, ఐసీడీ (గుండె లయ తప్పితే షాక్ ఇచ్చి సరిచేసే, ఒంట్లో అమర్చే పరికరం) ఉన్నవాళ్లు దాన్ని వాడకూడదు. నీరు పట్టిన ఒంట్లో ఆ శాతం సరిగ్గానూ రాదు. 100 గ్రాముల తేడా చూపించే, అంకెలు పెద్దగా కనిపించే మామూలు రకం చాలు.

ఈ మామూలు రకంలోనూ ఒక దొంగ గుణం ఉంటుంది, డబ్బు కట్టేముందే పరీక్ష చేయండి. చవక మిషన్లు కొన్ని కిందటిసారి బరువును గుర్తుపెట్టుకుని, కొత్త బరువు దానికి దగ్గరగా ఉంటే పాత అంకెనే చూపిస్తాయి. ఎన్నిసార్లు ఎక్కినా ఒకటే అంకె, భలే కచ్చితం అనిపిస్తుంది. మనకు మాత్రం అదే ముప్పు: రోజుకు రెండు మూడు వందల గ్రాములు చొప్పున ఎక్కే నీరు అలా దాగిపోతుంది. ఒకసారి ఎక్కండి, 62.4 వచ్చిందనుకోండి. దిగి, 300 మిల్లీలీటర్ల నీళ్లున్న సీసా పట్టుకుని మళ్లీ ఎక్కండి. 62.7 దగ్గర చూపించాలి. 62.4 దగ్గరే ఆగితే వెనక్కి ఇచ్చేయండి. ఇప్పటికే కొనేసి ఉంటే, రోజూ మీరు ఎక్కేముందు 5 కిలోల బియ్యం మూట ఒకటి తూచండి. పాత అంకె చెరిగిపోతుంది.

పెట్టే చోటు కూడా ముఖ్యమే. చాప, కార్పెట్ మీద పెడితే మిషను కాళ్లు దిగబడి తూకం తేడా వస్తుంది. అలికిన నేలైతే కింద మందపాటి ప్లైవుడ్ వేసి, కదలకుండా చూసుకుని, ఎప్పుడూ అక్కడే ఉంచండి. బాత్రూంలో వద్దు, తడి గాజు మీద జారతారు. గోడ పక్కన, ముందు ఒక కుర్చీ వేసుకుంటే మంచిది. పట్టుకుని ఎక్కవచ్చు గానీ, అంకె నిలిచేవరకు చేతులు వదిలేయాలి. కుర్చీ మీద ఆనితే బరువు తక్కువ చూపిస్తుంది.

పొద్దున్న లేచి, ఒంటికి వెళ్లొచ్చి, ఏమీ తినక తాగకముందు, రోజూ ఒకే తరహా బట్టలతో, వట్టి కాళ్లతో చూడాలి. ఆసుపత్రి మిషను, ఇంటి మిషను ఒకేలా చూపవు. అందుకని డిశ్చార్జి అయిన మర్నాడు ఇంట్లో వచ్చిన అంకెనే మొదటి లెక్కగా రాసుకోండి. 1, 2, 3 అంకెల్లో రాస్తే ఒడియా డాక్టరుగారైనా చప్పున చదువుతారు.

మూడు రోజుల్లో 2 కిలోలకు మించి పెరిగితే ఆ రోజే డాక్టరుకు ఫోన్ చేయాలి. మీ డాక్టరు వేరే హద్దు చెప్పి ఉంటే అదే మీ లెక్క. నీరు తీసే మాత్ర ఎక్కువ వేసుకోవడం ఆయన ముందే రాసిచ్చి ఉంటేనే. పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చోవాల్సి వస్తే మిషను సంగతి పక్కన పెట్టి 108కి ఫోన్ చేయండి. బరువు గబగబా తగ్గి, లేస్తే కళ్లు తిరిగినా చెప్పాల్సిందే. వాంతులు, విరేచనాల రోజుల్లో, ఎండాకాలంలో ఇది ఎక్కువ.

అంకె పెరిగిన రోజు నిన్న ఏం తిన్నారో అడగండి. ఎండుచేప, ఊరగాయ, అప్పడం ముందు వరసలో ఉంటాయి. మన వైపు పొఖాళొ, చద్దన్నం మాట మరిచిపోతారు: అందులో వేసే ఉప్పు ఒక ఎత్తు, గిన్నెడు తరవాణి (ఆ అన్నంలోని పులిసిన నీళ్లు) ఇంకో ఎత్తు. తాగేది రోజుకు లీటరున్నరే అని డాక్టరు గీత గీస్తే తరవాణీ ఆ లీటరున్నరలోనే. మోకాళ్ల నొప్పికి అంగట్లో కొనే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ బిళ్లలు కూడా నీరు నిలబెడతాయి. సోడియం తక్కువ అని అమ్మే ఉప్పులో పొటాషియం ఉంటుంది. ఒంట్లో పొటాషియం నిలిపే స్పైరోనోలాక్టోన్ లాంటి మాత్రలు వాడేవాళ్లకు అది ప్రమాదం, డాక్టరును అడగకుండా వాడకండి.

మెమొరీ పరీక్షలో నెగ్గిన మిషనుకు 5కి 4. ఒకటి తగ్గించింది వెనకనున్న కేజీ–పౌండు బటన్‌కి. పొరపాటున నొక్కుకుంటే 60 కాస్తా 132 అయి ఇంటిల్లిపాదినీ హడలగొడుతుంది. దాని మీద ప్లాస్టర్ ముక్క అతికించండి. నిలబడలేని మనిషికి మాత్రం ఇది పనికిరాదు. అలాంటప్పుడు చీలమండకు నాలుగు వేళ్ల పైన పెన్నుతో గీత పెట్టి, అక్కడే రోజూ టేపుతో చుట్టుకొలత తీయండి. మంచం పట్టినవాళ్లకు నీరు నడుము కింద కూడా దిగుతుంది. బొటనవేలితో పది సెకన్లు నొక్కి వదిలితే గుంట నిలుస్తుందేమో అక్కడ చూడండి.