బ్లెన్‌హైమ్: పేరు పోయినంత చెడ్డ విమానమేం కాదు

రెండో ప్రపంచ యుద్ధం గురించి కాస్త చదివినవాళ్ల దగ్గర బ్రిస్టల్ బ్లెన్‌హైమ్ అనే బ్రిటిష్ బాంబర్ పేరెత్తితే చాలు, "అది ఎగిరే శవపేటిక" అనేస్తారు. ఐఎల్-2 క్లిఫ్స్ ఆఫ్ డోవర్ అనే కంప్యూటర్ ఫ్లైట్ సిమ్యులేటర్‌లో కొన్నేళ్లుగా నేను ఎక్కువగా నడుపుతున్నది దీని నాలుగో మార్కునే (నాలుగో రకాన్నే). అందుకే ఆ మాట విన్నప్పుడల్లా బాధేస్తుంది. దాన్ని యుద్ధంలోకి పంపిన తీరుకు రావాల్సిన చెడ్డపేరు విమానం నెత్తిన పడిందని గట్టిగా నమ్ముతున్నాను.

ముందు దాని లోపాలే చెబుతాను. కాక్‌పిట్ దారుణం. ప్రొపెల్లర్ పిచ్ (రెక్కల వాలు) మార్చే మీటలు పైలట్ వెనక, చేయి తిప్పి తడుముకోవాల్సిన చోట ఉంటాయి. ఆ పిచ్‌కి కూడా ఫైన్, కోర్స్ అని రెండే స్థితులు, మధ్యలో ఏమీ లేదు. టేకాఫ్ అయ్యాక కోర్స్‌లోకి మార్చడం మర్చిపోతే ఇంజన్లు కీచుమని అరుస్తాయి, ఇంకాస్త ఆలస్యం చేస్తే చెడిపోతాయి. ఇంజన్ చుట్టూ గాలి తగిలేలా తెరిచే గిల్స్ అనే రేకులు మూసేసి ఎక్కువసేపు పైకెక్కినా అంతే, వేడెక్కిపోతాయి. ఒక ఇంజన్ ఆగితే దాని ప్రొపెల్లర్‌ని ఫెదర్ చేసే (గాలికి అడ్డుపడకుండా రెక్కల్ని తిప్పి ఉంచే) ఏర్పాటు లేదు కాబట్టి, టేకాఫ్‌లోనే ఆగిందంటే ఇక ఆశ వదులుకోవడమే. కానీ పైకెక్కి సర్దుకున్నాక ఇది మెత్తగా, చెప్పినట్టు వినే విమానం, తక్కువ ఎత్తులో ఒళ్లు వంచి తిరుగుతుంది. ల్యాండింగ్‌లో రన్‌వే కనిపించడం కోసం ముక్కుకి ఎడమవైపు తీసిన ఆ లోతు ఎంత తెలివైన పనో వాడినవాళ్లకే తెలుస్తుంది.

1935లో దీని మాతృక గంటకు 307 మైళ్లు, అంటే దాదాపు 494 కిలోమీటర్ల వేగం అందుకుంది. అప్పట్లో బ్రిటన్ వాయుసేన ఫైటర్లకే అంత వేగం లేదు. తర్వాత సైనిక సామగ్రి, బాంబులు ఎక్కించేసరికి నాలుగో మార్కు గరిష్ఠ వేగం 430కి కాస్త లోపే ఆగింది, ఈలోగా జర్మన్ ఫైటర్ మెసర్‌ష్మిట్ 109 వేగంలో దాన్ని గంటకు వంద కిలోమీటర్లకు పైగా దాటేసింది. అయినా పట్టపగలు, ఫైటర్ల తోడు లేకుండా పంపుతూనే ఉన్నారు. 1940 మే 17న బెల్జియంలోని జెంబ్లూ మీదికి 82వ స్క్వాడ్రన్ విమానాలు 12 వెళితే తిరిగొచ్చింది ఒక్కటే, ఆగస్టు 13న డెన్మార్క్‌లోని ఆల్‌బోర్గ్ దాకా వెళ్లిన 11లో అదీ లేదు. ఎంత మంచి విమానమైనా అలా పంపితే ఏమవుతుంది? సిమ్‌లో నేనూ అలా ఒంటరిగా ఫ్రాన్స్ తీరం దాటి చూశాను, ఎక్కువసార్లు ఇంటికి రాలేదు. అదే హరికేన్ ఫైటర్లు తోడుంటే, లేదా సంధ్యవేళ నీళ్లకు ఆనుకుని వెళితే, చాలాసార్లు బాంబులు వేసి క్షేమంగా వచ్చాను. సిమ్ యుద్ధం కాదు, అందులో ప్రాణాలు పోవు, కాకపోతే తేడా ఎక్కడుందో మాత్రం స్పష్టంగా కనిపిస్తుంది.

మన బంగాళాఖాతం వైపు దీని కథ ఎవరూ చెప్పరు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ, కాకినాడ మీద బాంబులు వేశాయని మనలో చాలామందికి తెలుసు. అదే దాడుల పరంపరలో మూడు రోజుల తర్వాత, సిలోన్ నుంచి 11వ స్క్వాడ్రన్ బ్లెన్‌హైమ్‌లు తొమ్మిది నేరుగా జపాన్ అడ్మిరల్ నగుమో విమానవాహక నౌకల మీదికే వెళ్లాయి. బాంబులు వాటిలో ఒకటైన అకాగి పక్కనే నీళ్లలో పడ్డాయి, తగల్లేదు. వెళ్లినవాటిలో సుమారు సగం తిరిగి రాలేదు. అయినా ఆ నౌకాదళం మీదికి అప్పటిదాకా ఎవరూ అంత దగ్గరగా వెళ్లలేదు! తర్వాత మే 22న, జపాన్ పేరుమోసిన ఫైటర్ పైలట్ తతేవో కాతో బర్మాలోని అక్యాబ్ తీరం దగ్గర ఒంటరి బ్లెన్‌హైమ్‌ని వెంటాడుతూ, దాని టరెట్ (తిరిగే తుపాకీ గూడు) గన్నర్ కాల్పులకు కూలిపోయాడు. ఆకాశంలోంచే రాడార్‌తో శత్రువిమానాన్ని పసిగట్టి కూల్చడం 1940 జులైలో మొదటిసారి చేసిందీ బ్లెన్‌హైమే.

కాబట్టి నా మాట: ఫైటర్లతో తలపడాలనే సరదా ఉంటే దీని జోలికి వెళ్లొద్దు. ఓపిగ్గా దారి చూసుకుంటూ వెళ్లి, గురిపెట్టి, తప్పించుకుని రావడంలో మజా ఉందనుకునేవాళ్లు మాత్రం తప్పకుండా నడపాలి. మొదలుపెట్టేముందు పిచ్‌కీ గిల్స్‌కీ చేతికందే మీటలు కేటాయించుకోండి, సగం టెన్షన్ అక్కడే తగ్గిపోతుంది.