సోమవారం సరుకు ఆదివారం తారీకులో: ఏఐ యాప్ టూల్‌తో ఏడాది

"సరిచేశాను, ఇప్పుడు అంతా సరిగ్గా పనిచేస్తుంది." మనం మాటల్లో చెబితే యాప్ కట్టిచ్చే ఈ ఏఐ టూల్, ఒకే తప్పు గురించి నాకు ఈ మాట నాలుగుసార్లు చెప్పింది. నాలుగుసార్లూ నమ్మాను. ఏడాది దాటి వాడాక కూడా నా కోపమంతా ఆ ఒక్క మాట మీదే.

మా బాపు వరంగల్ ఏనుమాముల మార్కెట్‌లో మిర్చి అడ్తిదారు. పోయినేడు సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు, వచ్చిన సరుకు లెక్కలకు ఒక చిన్న యాప్ చేసిద్దామని దీన్ని లాప్‌టాప్‌లో వేసుకున్నాను. ఇన్‌స్టాల్ గురించి రెండే మాటలు. ఈ టూల్ నడవడానికి నోడ్ అనే సాఫ్ట్‌వేర్ కావాలి. నా దగ్గరున్నది దాని పాత వెర్షన్, దాంతో టూల్ మొదలే కాలేదు. కొత్తది వేశాక కదిలింది. తర్వాత విండోస్‌లో కమాండ్లు కొట్టే పవర్‌షెల్‌లో, ఈ సిస్టమ్‌లో స్క్రిప్టులు నడపడం కుదరదంటూ ఎర్ర అక్షరాలు వచ్చాయి. అదే కమాండ్‌ను విండోస్‌లోనే ఉండే ఇంకో కిటికీ, కమాండ్ ప్రాంప్ట్‌లో కొడితే నడిచిపోయింది. ఈ సంగతి తెలియక ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను.

ఆ రాత్రే సంబరం మొదలైంది. "రైతు పేరు, ఊరు, మిర్చి రకం, బస్తాలు, తూకం, ధర రాసుకోవాలి, చివర చీటీ రావాలి" అని తెలుగులోనే టైప్ చేశాను. కాసేపట్లో తేజ, వండర్ హాట్, చపాట రకాలతో సహా ఫారం కళ్ల ముందు ఉంది. తెలుగు ఇంత బాగా అర్థం చేసుకుంటుందని తెలిసినవాళ్లందరికీ ఫోన్ చేసి చెప్పాను.

సీజన్‌లో మిర్చి బండ్లు రాత్రికి రాత్రే యార్డుకు చేరతాయి. బాపు తెల్లారకముందే బస్తాల లెక్క యాప్‌లో ఎక్కించేస్తాడు. ఫిబ్రవరిలో ఒక సోమవారం ఫోన్ చేశాడు: "బిడ్డా, ఆదివారం యార్డు బందుంటది గదా. గీ నలభై బస్తాలు నిన్న ఎట్లొచ్చినయ్?"

వెనక్కి వెళ్లి చూస్తే, ఉదయం ఐదున్నరకు ముందు ఎక్కించిన ప్రతి పద్దూ ముందురోజు తారీకులో ఉంది. కారణం చిన్నదే. టూల్ రాసిన కోడ్ తారీకును యూటీసీ, అంటే ప్రపంచమంతటికీ ప్రామాణికమైన సమయం నుంచి తీసుకుంటోంది. మన గడియారం దానికన్నా ఐదున్నర గంటలు ముందుంటుంది. మనకు సోమవారం 4:40 అయితే అక్కడ ఇంకా ఆదివారం రాత్రి 11:10. పొద్దెక్కాక షాపు తెరిచేవాళ్లకు ఈ తప్పు కనిపించనే కనిపించదు. మా పనేమో ఆ చీకట్లోనే మొదలవుతుంది.

తారీకంటే మాకు మిత్తి లెక్క. నూటికి నెలకు రెండు రూపాయల మిత్తి అయితే లక్షకు రోజుకు దాదాపు 67 రూపాయలు. అంతకన్నా పెద్ద బాధ, రైతు చేతిలో పెట్టిన చీటీ మీద తప్పు తారీకు ఉండటం. అది బాపు మాట మీదికి వస్తుంది.

టూల్‌కు చెప్పాను. సరిచేశానంది. ఈసారి పొద్దున పద్దులు బాగున్నాయి కానీ, సాయంత్రం ఆరున్నర దాటాక ఎక్కించినవి రేపటి తారీకుకు పోయాయి. దాచేటప్పుడు ఐదున్నర గంటలు కలిపింది, చూపించేటప్పుడు ఫోన్ మళ్లీ కలిపింది. ఇంకోసారి చెప్తే చీటీ బాగై జాబితా చెడింది. మూడోసారి జాబితా బాగై చీటీ చెడింది. కుదరని ప్రతి ప్రయత్నానికీ, టూల్ వాడకానికి లెక్కగట్టే నా క్రెడిట్లు కరుగుతూనే ఉన్నాయి. ఇది మాత్రం అన్యాయం.

నాలుగో "సరిచేశాను" కూడా వట్టిదని తేలాక అడిగే తీరు మార్చాను. "ముందు టెస్ట్ రాయి. సోమవారం ఉదయం 4:40కి ఒక పద్దు, రాత్రి 7 గంటలకు ఒక పద్దు. రెండూ సోమవారమే చూపించాలి. టెస్ట్ నడిపి ఫలితం నాకు చూపించు" అన్నాను. టెస్ట్ అంటే యాప్ సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసే చిన్న కోడ్. అది ఫెయిలైంది. అప్పుడు గానీ అసలు చోటు టూల్‌కు దొరకలేదు: సమయాన్ని యూటీసీలోనే దాచి, తారీకు తీసే ప్రతిచోటా కోల్‌కతా టైమ్‌జోన్, అంటే మన భారత సమయం వాడింది. ఆ తర్వాత ఈ తప్పు రాలేదు. పాత పద్దులను మాత్రం బాపు ఖాతా పుస్తకం పక్కన పెట్టుకుని రెండు రాత్రులు చేత్తో దిద్దాను. యాప్ వచ్చినా ఆయన పుస్తకం రాయడం మానలేదు, అదే మమ్మల్ని కాపాడింది.

తెలుగు సంగతి కూడా మళ్లీ చెప్పాలి. 'తరుగు' అని రాస్తే తూకంలో తీయాల్సింది పోయి డబ్బుల్లో తగ్గింపుగా తీసింది. మామూలు తెలుగు దానికి బాగానే వస్తుంది. యార్డు మాటలను లెక్కతో సహా విడమర్చి చెప్పాలి.

నేను డిగ్రీలో కంప్యూటర్స్ చదివాను కాబట్టి కోడ్ తెరిచి చూడగలిగాను. అది రాకుండా, పుస్తకం కూడా లేకుండా డబ్బు లెక్కలు దీని మీద పెట్టమని మాత్రం ఎవరికీ చెప్పలేను. మాది ఒక్క షాపు, ఎక్కించేది బాపు ఒక్కడే, కాబట్టి మాకు సరిపోతోంది. కోడ్ మా దగ్గరే ఉంటుంది గనుక సీజన్ అయ్యాక చందా ఆపేసినా యాప్ నడుస్తుంది. పోయినేడు మే నెలలో అలాగే ఆపాను, మొన్న సంక్రాంతికి మళ్లీ కట్టాను. ఇప్పుడు కొత్తగా ఏది అడిగినా కింద 4:40 టెస్ట్ నడపమని కూడా రాస్తున్నాను.